చెవి కూడా అమానతే

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఏమీ ఎరుగని స్థితిలో ఉన్నప్పుడు ఆయనే మనల్ని తల్లుల గర్భాల నుంచి బయటికి తీశాడు. వినటానికి చెవులు, చూడటానికి కళ్ళు, గ్రహించటానికి హృదయాలు ఇచ్చాడు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



కొంతకాలం క్రితం ఒక శుక్రవారం మగ్రిబ్ నమాజు తర్వాత మా లింగాల మస్జిదులో ఒక యువకుడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు నా దగ్గరే ఖాయిదా చదువుకున్న పిల్లవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సలాం చేసి కాసేపు మౌనంగా ఉండి, తర్వాత మెల్లగా అన్నాడు:

“మౌల్సాబ్, నా చెవిలో ఈల మోగుతోంది. వారం రోజులైంది, ఆగటం లేదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అంతగా తెలియలేదు. ఇక్కడికొచ్చి రాత్రి పడుకుంటే తెలిసింది.”

లింగాల రాత్రులు మీలో కొందరికి తెలిసే ఉంటాయి. నల్లమల అంచున ఉన్న ఊరు. ఇషా తర్వాత కీచురాళ్ళ చప్పుడు, ఎక్కడో ఒక కుక్క అరుపు తప్ప మరేమీ వినిపించదు. నగరంలో అలసిపోయినవాడు నిద్ర కోసం ఇటువంటి ఊరికి వస్తాడు. ఈ అబ్బాయికి మాత్రం ఆ నిశ్శబ్దమే శిక్ష అయింది. బయట ఎంత ప్రశాంతంగా ఉంటే లోపల ఈల అంత గట్టిగా వినిపిస్తోంది.

ఏమైందని అడిగాను. మొదట చెప్పటానికి సిగ్గుపడ్డాడు. “కోప్పడను, చెప్పు బేటా” అన్నాను. హైదరాబాద్ శివారులో జరిగిన ఒక పెద్ద రాక్ సంగీత కచేరీకి స్నేహితులతో వెళ్ళానని చెప్పాడు.

యువకుడు చెప్పిన మాటలు

అతను చెప్పినదాన్ని మధ్యలో ఆపకుండా విన్నాను. మన పిల్లలు ఎక్కడికి వెళుతున్నారో, అక్కడ వారికి ఏం దొరుకుతోందో తెలుసుకోకుండా మింబర్ మీద నుంచి మందలిస్తే ఆ మాట వారి చెవిదాకా కూడా వెళ్ళదు.

మధ్యాహ్నమే వెళ్ళి వరుసలో నిలబడ్డారట. ముందు చోటు దొరకాలని నాలుగు గంటలపాటు నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదట. దీపాలు ఆరిపోగానే వేలమంది ఒక్కసారి అరిచారు. మొదటి దెబ్బకే శబ్దం చెవికంటే ముందు ఛాతీని తాకిందన్నాడు. “గుండె నాదో, ఆ డ్రమ్ముదో తెలియలేదు మౌల్సాబ్” అన్నాడు. పక్కన ఉన్న స్నేహితుడు చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎవరూ ఎవరికీ పరాయివారుగా అనిపించలేదు. అందరి చేతులూ ఒకేసారి లేచాయి, అందరి గొంతులూ ఒకటే పాట పాడాయి. ఉద్యోగంలోని ఒత్తిడి, ఇంటి అప్పు, అన్నీ మరచిపోయాడు.

బయటికి వచ్చాక చెవుల్లో దూది కుక్కినట్లుందట. తెల్లవారితే తగ్గుతుందిలే అనుకున్నారు. స్నేహితులకు తగ్గింది. ఇతనికి దూది పోయింది, ఈల మిగిలింది.

చివరికి అతను అన్న మాట నన్ను కలచివేసింది. “మస్జిదులో నాకు అలాంటి అనుభూతి ఎప్పుడూ రాలేదు. అబద్ధం చెప్పలేను.”

అతని నిజాయితీకి నేను సంతోషించాను. వైద్యుడి దగ్గర నొప్పి దాచిపెట్టే రోగికి ఏ మందు పని చేస్తుంది?

లోపల ఏం జరుగుతుంది?

తర్వాత అతను ఒక చెవి వైద్యునికి చూపించుకున్నాడు. పరీక్షలో ఎడమ చెవికి సన్నని, ఎత్తయిన శబ్దాలు వినే శక్తి తగ్గినట్లు తేలింది. “పూర్తిగా మునుపటిలా అవుతుందా?” అని అడిగితే వైద్యుడు మాట ఇవ్వలేకపోయాడు.

అల్లాహ్ సృష్టి ఎంత సున్నితమైనదో చూడండి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న గొట్టం ఉంది. దానిలో వెంట్రుకల వంటి మొనలున్న కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. శబ్ద తరంగం వచ్చినప్పుడు అవి గాలికి పైరు ఊగినట్లు ఊగి, ఆ కదలికను నరం ద్వారా మెదడుకు చేరవేస్తాయి. తుపాను వస్తే పైరు పడిపోతుంది. చిన్న గాలివాన అయితే మళ్ళీ లేస్తుంది, పెద్దదైతే వేరుతో పోతుంది. పొలంలో మళ్ళీ నాటు వేసుకోవచ్చు. మనిషి చెవిలో మాత్రం పోయిన కణం మళ్ళీ మొలవదు.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఇక్కడ 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది. ఫ్యాక్టరీ కార్మికుల రక్షణ కోసం నిపుణులు పెట్టిన ఒక లెక్క ఉంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి తగ్గుతుంది. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. పెద్ద కచేరీల్లో స్పీకర్లకు దగ్గరగా శబ్దం 100 దాటడం మామూలే. అక్కడ మన పిల్లలు నిలబడేది రెండు మూడు గంటలు!

ఇది మౌల్వీలు భయపెట్టడానికి చెప్పే మాట కాదు. మితిమీరిన శబ్దం వింటూ 110 కోట్లమంది యువతీ యువకులు వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో హెచ్చరించింది. 2022లో సంగీత వేదికలకు సగటున 100 డెసిబెల్స్ మించరాదని హద్దు సూచించింది. 2024 నవంబరులో హైదరాబాద్‌లో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ కచేరీకి ముందు రంగారెడ్డి జిల్లా అధికారులు నోటీసు ఇచ్చారు. వేదిక మీదికి పిల్లలను రప్పించవద్దని, అంత శబ్దం పిల్లల చెవులకు హానికరమని అందులో పేర్కొన్నారు.

సంగీతకారుల సంగతే చూడండి. బ్రిటన్‌కు చెందిన ‘ది హూ’ అనే రాక్ బృందం 1976లో లండన్‌లో ఇచ్చిన కచేరీలో శబ్దం 126 డెసిబెల్స్‌కు చేరింది. గిన్నిస్ పుస్తకం దాన్ని రికార్డుగా ఎక్కించింది. ఆ తర్వాత ఆ బృందపు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ చెవి హోరుతో, వినికిడి లోపంతో బాధపడుతున్నానని బహిరంగంగా చెప్పాడు. చెవులు పాడుచేసుకోవడానికి పోటీ పెట్టినట్లవుతోందని గిన్నిస్ వారు ఆ రికార్డునే మానుకున్నారు. 2025 జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్ స్టేడియంలో రోజుకు లక్షమందికి పైగా జనం ముందు పాడిన ‘కోల్డ్‌ప్లే’ బృందం గాయకుడు క్రిస్ మార్టిన్‌కు కూడా చెవి హోరు ఉంది. యవ్వనంలో పెద్ద శబ్దంతో సంగీతం వినడం వల్లే వచ్చిందని, ఇప్పుడు చెవులకు రక్షణ పెట్టుకుంటున్నానని అతను 2012లోనే చెప్పాడు. పాడేవాడు చెవులు కాపాడుకుంటున్నాడు. డబ్బు పెట్టి వెళ్ళినవాడు ఖాళీ చెవులతో నిలబడుతున్నాడు!

చెవి గురించి ప్రశ్న

దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతులో చెవి, కన్ను, హృదయం వీటన్నిటి గురించీ మనిషిని ప్రశ్నించడం జరుగుతుందని అల్లాహ్ హెచ్చరించాడు. ఖుర్‌ఆన్‌లో ఈ మూడూ కలిసి వచ్చే అనేక చోట్ల చెవి ప్రస్తావనే ముందు వస్తుంది. బిడ్డ లోకాన్ని చూడకముందే తల్లి కడుపులో ఉండి ఆమె గొంతు వింటుంది. పుట్టగానే మనం ఆ బిడ్డ చెవిలో అజాన్ పలుకుతాం. అంటే చెవికి మనం అందించే మొదటి కానుక అల్లాహ్ పేరు. అటువంటి చెవిని ఏం చేశావని రేపు అడిగితే మన దగ్గర సమాధానం ఉండాలి.

సంగీతం విషయంలో ధర్మవేత్తల అభిప్రాయం మీకు తెలిసిందే. నాలుగు మజ్‌హబుల ధర్మవేత్తలలో అత్యధికులు వాద్య సంగీతాన్ని అధర్మంగా భావించారు. బుఖారీ గ్రంథంలోని హదీసు వారికి ఆధారం. ఇబ్నె హజ్మ్ వంటి కొద్దిమంది దీనితో విభేదించారు. అయితే ఇస్లాం సంతోషానికి శత్రువు కాదు. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు దఫ్ వాయిస్తూ పాడుతుంటే హజ్రత్ అబూబకర్ (రజి) వారించబోయారు. ఇది పండుగ రోజు, వారిని వదిలేయమని దైవప్రవక్త (స) అన్నారు. నికాహ్‌ను దఫ్ మోగించి చాటమని కూడా ప్రోత్సహించారు.

కాని ఈనాడు నేను మీ ముందు పెట్టదలచినది మరొక విషయం. అతి శబ్దం మనిషికి చేసే మొదటి హాని చెవిపోటు కాదు. పక్కవాడి గొంతు వినిపించకుండా చేయడమే దాని మొదటి హాని.

వినిపించని కేకలు

2021 నవంబర్ 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగిన ఒక కచేరీకి దాదాపు 50 వేలమంది వచ్చారు. వేదిక ముందు తొక్కిడి మొదలైంది. ఊపిరాడనివారు కేకలు వేశారు. కచేరీ ఆపమని కొందరు అరిచారు. ఆ హోరులో వారి కేకలు కలిసిపోయాయి. పెద్ద ప్రమాదం జరిగిందని అధికారులు గుర్తించాక కూడా అరగంటకు పైగా పాట సాగుతూనే ఉంది. పదిమంది చనిపోయారు. వారిలో ఒకడు తొమ్మిదేళ్ళ పిల్లవాడు. పక్కన ఉన్నవారు రాక్షసులు కారు. మన అబ్బాయిలాంటి యువకులే. వారికి వినిపించలేదు, అంతే.

ఇది దూర దేశపు సంగతి అనుకోకండి. శబ్ద కాలుష్యంపై మన సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యానికి కారణమైన సంఘటన 1998 నాటి పత్రికల్లో వచ్చింది. పదమూడేళ్ళ బాలికపై అత్యాచారం జరుగుతుంటే ఆమె సహాయం కోసం కేకలు పెట్టింది. ఆ పరిసరాల్లో మైకులో పెద్దగా పాటలు మోగుతున్నాయి. ఆమె గొంతు ఎవరి చెవినీ చేరలేదు. ఆ సాయంత్రమే ఆ బిడ్డ ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలు విడిచింది. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇప్పుడు దైవప్రవక్త (స) మస్జిదులోకి రండి. ఆయన నమాజును దీర్ఘంగా చేయాలనే ఉద్దేశంతో నిలబడేవారు. వెనుక వరుసల నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించేది. ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని ఆయన నమాజును కుదించేవారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు. సృష్టికర్తతో సంభాషణలో మునిగి ఉన్న మహనీయునికి కూడా పసిబిడ్డ ఏడుపు వినిపించింది! ఆరాధన ఆయన చెవిని మూయలేదు, ఇంకా తెరిచింది. ఏ పారవశ్యం పక్కవాడి ఏడుపు వినిపించకుండా చేస్తుందో అది మనిషిని కాసేపు మరపిస్తుంది గాని బాగుచేయదు.

నాకు తగిలిన మాట

ఇదంతా ఆ యువకుడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత తలదించుకుని అన్నాడు:

“ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ కచేరీ రాత్రి పది గంటలకు ఆగిపోయింది. పోయిన ఏడాది మన మొహల్లాలో మీరు ప్రసంగించిన జల్సా ఒంటిగంట దాకా నడిచింది. నాలుగు మైకులు స్తంభాలకు కట్టారు. మా ఇంటి వెనుక అవ్వకు గుండె జబ్బు. ఆ రాత్రి ఆమె కొడుకు ఆమెను వేరే వీధిలో చుట్టాలింటికి తీసుకెళ్ళి పడుకోబెట్టాడు. మీకెవరూ చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి నేను మాట్లాడిన అంశం ఏమిటో తెలుసా? పొరుగువారి హక్కులు!

సోదరులారా, నా దగ్గర సమాధానం లేకపోయింది. మరునాడు ఉదయం ఆ అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె మన మతస్థురాలు కాదు. అరుగు మీద కూర్చుని ఉంది. తెలియక కష్టం కలిగించాను, క్షమించమని అడిగాను. ఆమె నవ్వి, “నీ గొంతు మంచిగనే ఉంటది బిడ్డా. జర మెల్లగ చెప్తే నేను గూడ ఇనేదాన్ని” అంది.

నేను చదివిన గ్రంథాలన్నీ ఆ ఒక్క మాట ముందు తలవంచాయి.

ఈ పాఠం మనకు కొత్తదా? కాదు. ఒక ప్రయాణంలో సహచరులు బిగ్గరగా తక్బీర్ పలుకుతుంటే, మీమీద మీరు దయచూపుకోండి, మీరు పిలుస్తున్నది చెవిటివాణ్ణి కాదు, దూరంగా ఉన్నవాణ్ణి కాదు అనే భావం వచ్చేలా దైవప్రవక్త (స) బోధించారు. అబూ మూసా అష్అరీ (రజి) దీన్ని ఉల్లేఖించారు. మస్జిదులో కొందరు పెద్ద గొంతుతో ఖుర్‌ఆన్ పఠిస్తుంటే, ఒకరి పఠనం మరొకరికి ఇబ్బంది కలిగించకూడదని హెచ్చరించారు. ఖుర్‌ఆన్ పఠనానికే ఈ హద్దు ఉంటే మన ప్రసంగాలకు, నాత్‌లకు, ఊరేగింపులకు ఎంత హద్దు ఉండాలి?

మరో హదీసు వినండి. ఆయన (స) రాత్రిపూట ఇంటికి వచ్చినప్పుడు సలాం ఎలా చేసేవారో హజ్రత్ మిఖ్దాద్ (రజి) తెలిపారు. మేలుకొని ఉన్నవారికి వినిపించేది, నిద్రపోతున్నవారికి మెలకువ వచ్చేది కాదు! విశ్వాసి గొంతుకు ఇంతకంటే మంచి కొలబద్ద ఏ యంత్రం ఇవ్వగలదు?

హైదరాబాద్ నగరంలో 2024 సెప్టెంబరులో గణేష్ ఊరేగింపుల్లోనే కాదు, మీలాద్ ఊరేగింపుల్లో కూడా డీజేల హోరుపై ఫిర్యాదులు వచ్చాయి. పోలీసులు అన్ని మతాల పెద్దలతో సమావేశమై, అక్టోబర్ 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఏ ప్రవక్త (స) నిద్రపోయేవారి కోసం తన సలామును తగ్గించుకున్నారో, ఆయన పేరిట సాగే ఊరేగింపును పోలీసులు తగ్గించవలసి వచ్చింది. మనం ఆత్మపరిశీలన చేసుకోవద్దా?

ఆ అనుభూతి ఎందుకు రావటం లేదు?

ఇక ఆ యువకుడి మొదటి మాట మిగిలింది. మస్జిదులో ఆ అనుభూతి రావటం లేదన్నాడు. దీనికి నేను చెప్పిన సమాధానం ఇది.

వేలమందిలో ఒకడిగా కలిసిపోవాలని, తన బరువు కాసేపు దించుకోవాలని కోరుకోవడం తప్పు కాదు. ఆ దాహాన్ని మనిషిలో పెట్టినవాడు అల్లాహే. భుజం భుజం కలిపి నిలబడే సఫ్, ఒకే గొంతుగా పలికే ఆమీన్, లక్షలాది మంది ఒకే తెల్లని వస్త్రంలో నిలిచే అరఫాత్ ఆ దాహానికే. కాని మిరపకారానికి అలవాటుపడిన నాలుకకు పాల తీపి తెలియదు. పాలలో లోపం లేదు. నాలుక కోలుకోవాలి. కచేరీలో శబ్దం బయటి నుంచి వచ్చి గుండెను కొడుతుంది. కరెంటు ఆపితే ఆగిపోతుంది. జిక్ర్ లోపలి నుంచి పుడుతుంది. దానికి సమయం పడుతుంది, నిశ్శబ్దం కావాలి. అల్లాహ్ స్మరణతోనే హృదయాలు నెమ్మదిస్తాయని రఅద్ సూరా 28వ ఆయతు చెబుతోంది. అది ఉద్రేకం గురించి చెప్పలేదు, నెమ్మది గురించి చెప్పింది.

ఈ విషయంలో మా తప్పు కూడా ఉంది. మస్జిదుకు వచ్చిన పిల్లవాణ్ణి వెనుక వరుసకు నెట్టేవారం, ప్రశ్న అడిగితే కసిరేవారం. అక్కడ పరాయివాడు కూడా చేయి కలిపాడు, ఇక్కడ సొంతవాడు సలాముకు జవాబివ్వలేదు. మరి వాడు ఎటు వెళతాడు?

ఆచరించవలసినవి

1. కచేరీ, సినిమా, డీజే ఎక్కడైనా సరే, మాట వినిపించాలంటే అరవవలసి వస్తే అది చెవికి హాని చేసే చోటు. అక్కడి నుంచి తప్పుకోండి. తప్పనిసరిగా అటువంటి చోట పనిచేసేవారు చెవులకు రక్షణ పెట్టుకోండి. పసిపిల్లలను స్పీకర్ల దగ్గరికి తీసుకుపోకండి.

2. ఇయర్‌ఫోన్ శబ్దం ఎప్పుడూ 60 శాతం మించనివ్వకండి. మధ్యమధ్య చెవికి విశ్రాంతి ఇవ్వండి. వినేది ఖుర్‌ఆన్ పఠనమైనా ఈ నియమం వర్తిస్తుంది.

3. చెవిలో హోరు ఒకరోజు దాటినా, ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోయినా ఆలస్యం చేయకుండా చెవి వైద్యునికి చూపించండి. నూనె పోసుకుని ఊరుకోకండి.

4. పెళ్ళి బారాత్‌లో డీజే పెట్టకండి. నికాహ్ చాటడానికి దఫ్ చాలు. మిగిలిన డబ్బు వధువు చేతిలో పెట్టండి.

5. జల్సాల మైకు శబ్దం పందిరి దాటకుండా చూడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకులు వాడకూడదని చట్టం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అన్నది 2000 సంవత్సరపు నిబంధనల్లోని హద్దు. చుట్టుపక్కల రోగులు, పరీక్షలు రాసే పిల్లలు ఉన్నారేమో ముందుగా వెళ్ళి అడగండి.

6. మీ పిల్లవాడు ఎక్కడికో వెళ్ళివచ్చానని చెబితే ముందు వినండి, తర్వాత చెప్పండి.

మా ఊరి జల్సా ఈ ఏడాది మస్జిదు లోపలే జరిగింది. ఇషా తర్వాత మొదలై తొమ్మిదిన్నరకు ముగిసింది. ఆ యువకుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఈల ఇంకా పూర్తిగా పోలేదట, కాని నిద్ర పడుతోందన్నాడు. ఫజ్ర్ నమాజులో నా ఎడమ పక్కన నిలబడి తన కుడి చెవిని కొద్దిగా నా వైపు తిప్పి నిల్చున్నాడు. అది చూసి నా కళ్ళు చెమర్చాయి. ఉన్నంతలో వినాలని తాపత్రయపడే ఆ చెవి, రెండు చెవులూ బాగుండి వినని మనకంటే మేలైనది.

ఓ అల్లాహ్! నీవు ఇచ్చిన వినికిడిని మా తుదిశ్వాస దాకా మాకు మిగిల్చు. నీ మాట వినే చెవిని, పొరుగువారి బాధ వినే చెవిని మాకు ప్రసాదించు. మా గొంతుల వల్ల ఎవరి నిద్ర చెడినా, ఎవరి గుండె అదిరినా మమ్మల్ని క్షమించు. చెవి హోరుతో, వినికిడి లోపంతో బాధపడుతున్నవారికి స్వస్థత చేకూర్చు. మా యువకుల హృదయాలకు నీ స్మరణలోని నెమ్మదిని రుచి చూపించు. ఆమీన్.